పేదరికం లెక్కలు నమ్మొచ్చా?

ప్రశ్న: పేదరికం బాగా తగ్గిపోయిందని టీవీలో చెప్తా ఉన్నారు. మా వీధిలో చూస్తే ఇంటింటికీ రేషన్ కార్డు ఉంది, సర్వే వాళ్ళు మా పక్కకి వచ్చిందే లేదు. ఈ లెక్కలు ఎట్లా నమ్మేది సార్?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: అమ్మా, మీ వీధికి రానంత మాత్రాన లెక్క తప్పని కాదు. పేదరికం లెక్క కట్టేది ఇంటి ఖర్చుల సర్వే నుంచి, దానికి 2022-23లో దేశం మొత్తం మీద 2,61,746 ఇళ్లకే పోయినారు, ఇళ్లని పద్ధతిగా ఏరుకుంటే ఆ మాత్రం చాలు. పాలు డెయిరీకి పోసి ఇంటికని అర లీటరు ఉంచుకున్నా దానికి కూడా ధర కట్టి ఖర్చులో రాస్తారు, అంత వివరంగా ఉంటుంది. నాకు అనుమానం వచ్చేదల్లా ఎట్లా అడిగినారు, పేదరికం గీత, అంటే నెలకి ఇంతకన్నా తక్కువ ఖర్చు పెడితే పేద అనే హద్దు, ఎక్కడ గీసినారు అనే దగ్గరే.

పోయిన 30 రోజుల్లో కూరగాయలకి, నూనెకి ఎంత పెట్టినావమ్మా అంటే ఎవరికి గుర్తుంటుంది చెప్పండి, అదే పోయిన వారం అంటే టమాటా ఎంత, పచ్చిమిరపకాయలు ఎంత, ఆదివారం చికెన్ ఎంత అని గబగబా చెప్పేస్తారు. 2011-12లో రెండు రకాలుగానూ అడిగి చూసినారు. అన్నిటికీ 30 రోజులు అని అడిగితే పల్లెల్లో మనిషికి సగటు నెల ఖర్చు 1,279 రూపాయలు తేలింది, కూరగాయల్లాంటి వాటికి 7 రోజులు, బట్టల్లాంటి వాటికి ఏడాది అని అడిగితే 1,430 అయ్యింది. అదే ఏడాది, అవే పల్లెలు! ఎవరి చేతికీ ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు.

గీత సంగతి కూడా అంతే. ఆ ఏడాదికే ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్ కమిటీ పద్ధతిలో పల్లెలో మనిషికి నెలకి 816 రూపాయలు గీత పెడితే దేశంలో పేదలు 21.9 శాతం, తర్వాత వచ్చిన రంగరాజన్ కమిటీ 972 అంటే 29.5 శాతం. మళ్ళీ 2022-23లో ఒక్కసారి కాకుండా మూడుసార్లు ఇంటికి పోయి అడిగినారు, ఇది మంచి మార్పే కానీ పాత లెక్క పక్కన పెట్టి ఇంత తగ్గిందని నేరుగా చెప్పేస్తే ఒప్పుకోలేము. మధ్యలో 2017-18 సర్వే చేసి కూడా డేటా నాణ్యత బాగలేదని ప్రభుత్వం బయట పెట్టలేదు, నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే, జనం చెప్పిన లెక్క జనానికే చూపించకపోతే ఎట్లా?

ఇంక ఒకచోట నిలకడగా ఉండకుండా తిరిగే ఇల్లే లేనోళ్ళు ఇళ్ల సర్వేలో ఎట్లా దొరుకుతారు, పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు తలుపు తీయడమే కష్టం.

మీ వీధి కార్డులకీ ఈ లెక్కకీ సంబంధం లేదమ్మా. మన రాష్ట్రంలో 2019లో పెట్టిన రూల్ ప్రకారం పల్లెలో కుటుంబానికి నెలకి 10,000 లోపు ఆదాయం ఉంటే కార్డు వస్తుంది, అది కుటుంబం ఆదాయం చూస్తుంది, పేదరికం గీత మనిషి ఖర్చు చూస్తుంది.