చార్మినార్ దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్ళండి: పైగా సమాధుల సున్నపు పని

హైదరాబాదులో చార్మినార్, గోల్కొండ కాకుండా, కేవలం పనితనం కోసమే వెళ్ళి చూడదగిన కట్టడం ఏదని మీరు అడిగారు. చాలామంది ఫలక్‌నుమా పేరు చెబుతారు. నేను మాత్రం ఫలక్‌నుమాను కట్టించిన పైగా వంశంవారి సమాధుల పేరే చెబుతాను. ఇవి చార్మినార్‌కు ఆగ్నేయంగా, సంతోష్‌నగర్ దగ్గరి పీసల్ బండలో ఉన్నాయి. దక్కనులో ఇంత సన్నని సున్నపు పని మరెక్కడా లేదని నా నమ్మకం. ఎవరైనా కాదంటే ఒక పూట నాతో వచ్చి చూసి వాదించమంటాను.

పైగాలు నిజాం ప్రభువులకు సైన్యాన్ని పోషించి ఇచ్చిన జాగీర్దార్లు, ఆ ఇంటి ఆడపడుచులను పెళ్ళాడిన అల్లుళ్ళు. మొదటి సమాధి 18వ శతాబ్దం చివరిది. తరువాతి తరాలవారు దాని పక్కనే తమవి కట్టించుకుంటూ పోయారు. కుతుబ్‌షాహీ సమాధులను చూసి వచ్చినవారు ఇక్కడ కూడా పెద్ద గుమ్మటం కోసం వెతుక్కుంటారు. కానీ ఇక్కడి అసలు అందమంతా పైకప్పు లేని ఆవరణల్లో ఉంది. నాలుగు వైపులా జాలీ తెరలు, వాటి మీద రేకులు రేకులుగా విచ్చుకున్న కమానులు, మధ్యలో చెక్కడపు పని చేసిన పాలరాతి సమాధి, పైన ఆకాశం, అంతే. ఒక తెరలో ఉన్న రేఖాగణితపు అల్లిక పక్క తెరలో ఉండదు. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ అల్లికల నీడలు పాలరాతి మీదికి పాకుతుంటే, చెక్కిన పువ్వు ఏదో నీడ పువ్వు ఏదో కాసేపు తేల్చుకోలేము.

నేను మొన్న వెళ్ళినప్పుడు ఒక కమాను కింద మరమ్మతు జరుగుతోంది. పరంజా చెక్క మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న పనివాడు, విరిగిపోయిన ఒక రేకును తిరిగి పోస్తున్నాడు. తడి గోనెపట్టా కింద దాచిన సున్నపు ముద్దలోంచి ఉసిరికాయంత తీసి, విరిగిన చోట బొటనవేలితో అదిమి, సన్నని ఇనుప పుల్లతో అంచు గీసి, ఆపైన ఏమీ చేయకుండా కూర్చున్నాడు. ఎందుకు ఆగారని అడిగాను. "ఇది జర గుంజుకోవాలె సార్, తొందరపడితే పగుల్తది" అన్నాడు. తేమ కొంత ఆరాక నున్నని గులకరాయి తీసుకుని, ఒకే దిక్కుగా, ఒత్తిడి పెంచుతూ రుద్దడం మొదలుపెట్టాడు. మసకగా ఉన్న రేకుకు క్రమంగా పక్కనున్న పాత రేకుల నిగారింపు వచ్చింది. ఆ ఒక్క రేకు పూర్తయ్యేసరికి నాతో వచ్చినవాళ్ళు ఆవరణ అంతా చుట్టి ఫోటోలు తీసుకుని, ఇక పోదామని నన్ను తొందరపెడుతున్నారు.

అసలు విద్య ఆ ఆగడంలోనే ఉంది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళలో విరిచి, రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతోనో ఇటుక పొడితోనో కలిపి గానుగలో ఆడిస్తే డంగు సున్నం తయారవుతుంది. బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం, మారేడు గుజ్జు వంటివి కూడా మన వైపు మేస్త్రీలు అందులో కలిపేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా మళ్ళీ రాయిగా మారుతుంది, గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు అలా పోనివ్వదు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపల చిక్కిన తేమ, దానితో వచ్చిన లవణాలు పాత గోడనే తినేస్తాయి. ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. గోదావరి జిల్లాలో మా తాతల నాటి మండువా లోగిలికి, నేను వద్దంటున్నా వినకుండా, మా బాబాయి ఒక కాంట్రాక్టరు చేత సిమెంటు పూయించాడు. రెండు వానాకాలాలు గడవకుండానే గోడ అప్పడంలా ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా రాలింది. వందేళ్ళు నిలిచిన పాత గచ్చు కూడా ఆ పెచ్చులతోపాటే ఊడి వచ్చింది. బలమైనది కదా అని ఆ కాంట్రాక్టరు చెప్పిన సిమెంటు ఇప్పటికీ ఊళ్ళలో పాత గుడుల మీదా మసీదుల మీదా పడుతూనే ఉంది, పైన మెరిసే ఎనామెల్ రంగుతో సహా.

అందుకే పైగా సమాధుల దగ్గర సున్నంతోనే మరమ్మతు చేయడం నాకు గొప్ప ఊరటనిచ్చింది. ఇక్కడి ఆరు సమాధుల పరిరక్షణకు 2023లో అమెరికా రాయబారుల నిధి నుంచి 2,50,000 డాలర్లు మంజూరయ్యాయి, పని ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేతికి వచ్చింది. 2008 నుంచి ఆ ఏడాది వరకు హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు నడిచింది బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లోనే కనుక, ఆ ఇంటివారి రుణం కొంత తీర్చుకున్నారనే నేను భావిస్తాను. మన డబ్బున్నవారికి ఆ ఆలోచన ఎందుకు రాలేదన్నది వేరే సంగతి.

వెళ్ళేవారు పొద్దున పదిలోపు చేరుకోండి, మిట్టమధ్యాహ్నం నీడలన్నీ తెరల పాదాల దగ్గరే ఆగిపోతాయి. జాలీల మీద చేతులు ఆనించకండి, చేతి నూనెకు సున్నం నల్లబడుతుంది. కమాను అంచులను కింద నుంచి పైకి చూస్తూ పోతే, పాత రేకుల మధ్య కొత్తగా పోసిన రేకు ఎక్కడుందో కనిపెట్టవచ్చు. కొత్తది ఇంకా కాస్త ఎక్కువ తెల్లగా ఉంటుంది.