పల్లెటూళ్ళో తక్కువ ఖర్చుకి ల్యాగ్ లేని నెట్ కావాలా, ముందు కేబుల్ కుర్రాడెవరో కనుక్కోండి

మీరు అడిగింది ఇదీ: ఊరు మండలం సెంటర్‌కి దూరం, పెద్ద కంపెనీల ఫైబర్ మీ దాకా రాలేదు, ఉన్నవల్లా లోకల్ కేబులాయన ఇచ్చే ఫైబర్, సిమ్ము, టవర్ సిగ్నల్ పట్టి ఇంట్లో వైఫై ఇచ్చే, డాబా మీద పెట్టే 5జీ డబ్బా. నెలకి 600 దాటకూడదు, గేమ్‌లో పింగ్ (మనం నొక్కింది సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావడానికి పట్టే టైము) పెరగకూడదు, ఏది తీసుకోమంటారు అని. ఒక్క ముక్కలో చెప్పాలంటే, వైరు మీ వీధి దాకా వచ్చుంటే వైరే తీసుకోండి, 30 ఎంబీపీఎస్ అయినా సరే. మిగతాదంతా నేను పడ్డ పాట్లు, ఓపికుంటే చదవండి.

ముందు ఈ ఎంబీపీఎస్ పిచ్చి వదిలేయాలండి. ఎవర్ని కదిపినా మాది 100, మాది 200 అంటారు. గేమ్ ఆడటానికి 1 ఎంబీపీఎస్ కూడా పట్టదు, వీడియో కాల్‌కి మూడో నాలుగో చాలు. మాది కోనసీమ. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని కూడా గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వెళ్ళినోళ్ళకి ఇది ఇట్టే అర్థమైపోద్ది. పంటు మీద ఎన్ని బళ్ళు పడతాయన్నది ఎంబీపీఎస్, అవతలికెళ్ళి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందన్నది పింగ్. పంటు ఎంత పెద్దదైతే మనకేంటి, రేవులో అరగంట నిలబెట్టాక. పైగా ఆ స్పీడ్ టెస్ట్ యాప్ ఒకటి, అది పక్క టౌన్‌లో సర్వర్ పట్టుకుని 4 మిల్లీసెకన్లు అని చూపిస్తది, మనం స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకుంటాం. మీ గేమ్ సర్వర్ ముంబైలో ఉంటే ముంబైకి ఎంత వస్తుందో చూడాలి గానీ పక్క టౌన్‌కి ఎంత వస్తే ఏం లాభం.

నేను 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి లాప్‌టాప్ సంకలో పెట్టుకుని ఊరొచ్చేశా. ఉద్యోగం సపోర్ట్, రాత్రి షిఫ్టు, అమెరికా సర్వర్లలోకి ఇక్కణ్ణించే వెళ్ళి పని చేయాలి, అంటే ఇక్కడ ఒక అక్షరం కొడితే అది అక్కడికెళ్ళి తిరిగొచ్చి మన స్క్రీన్ మీద పడాలి. అమెరికాకి ఎలాగూ 200 మిల్లీసెకన్ల పైనే పడుద్ది, దాన్ని ఎవడూ తగ్గించలేడు, ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లే వెళ్తది. దానికి మా ఊరి నెట్ ఇంకో 300 కలిపితే ఎలా ఉంటుందో చూడండి, నేను టైపు చేసేసి మంచినీళ్ళు తాగొచ్చాక అక్షరాలు వచ్చేవి. అప్పట్లో ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, డాబా మీద వాటర్ ట్యాంక్ పక్కన ఫోన్ పెట్టి, ఎండ తగలకుండా దాని మీద అట్టపెట్టె బోర్లించి. పొద్దున పూట పింగ్ 40, 50 ఉండేది. రాత్రి ఏడు దాటి ఊరంతా ఫోన్లు పట్టుకున్నాక 300, 400. టవర్ ఒకటే, ఊరంతా దాని మీదే, అది మాత్రం ఏం చేస్తది. 2022 మే నెలలో మా జిల్లా పేరు గొడవలప్పుడు మొబైల్ నెట్ ఆపేస్తే లాప్‌టాప్ పట్టుకుని గోదావరి గట్టెక్కి అవతలి టవర్ సిగ్నల్ కోసం వెతుక్కున్నోళ్ళలో నేనూ ఉన్నా, అది వేరే కథ.

తర్వాత 5జీ డబ్బా వేయించా. కంపెనీ పేరెందుకులెండి. 599 అని చెప్పారు, బిల్లు చూస్తే 18 శాతం జీఎస్టీతో కలిపి 707. మీ 600 బడ్జెట్ అక్కడే పోయింది, ఏ ప్లానైనా ట్యాక్స్ కలిపి అడగండి. నెట్ బాలేదని అనను, సినిమాలకి బ్రహ్మాండం. కానీ మా ఇంటికీ టవర్‌కీ మధ్య కొబ్బరి తోట. గాలేస్తే ఆకులు ఊగుతాయి, పింగ్ కూడా ఊగుతుంది, వాన పడి ఆకులు తడిస్తే ఇంకా ఘోరం. సగటు చూస్తే 35, చాలా బావుందే అనిపిస్తది, కానీ నిమిషానికోసారి 180కి ఎగిరి దిగుతుంటే గేమ్‌లో చచ్చేది సరిగ్గా ఆ క్షణంలోనే. ఎప్పుడూ 60 ఉండే లైను, 30కీ 200కీ మధ్య గెంతే లైను కంటే వందరెట్లు మేలు, ఇది నా అనుభవం. అదే డబ్బా రాజానగరం వైపు మా ఫ్రెండ్ వాళ్ళింట్లో, డాబా ఎక్కితే టవర్ ఎదురుగా కనిపిస్తది, రాత్రి పది గంటలకి కూడా కదలకుండా 30 దగ్గర ఉంటుంది. అందుకే మీకు వైరు రాకపోతే డబ్బు కట్టే ముందు 5జీ ఫోన్ ఎవరిదన్నా అడిగి తెచ్చుకుని, డాబా మీద రాత్రి ఎనిమిది నించి పది దాకా పింగ్ కొలిచే యాప్ పెట్టి వదిలేయండి. పగలు చూసి మోసపోవద్దు.

ఇక కేబుల్ ఫైబర్. సీరియల్స్ ఇచ్చే ఆయన నెట్ ఇస్తే ఏం బాగుంటదిలే అని నాకు చిన్నచూపు ఉండేది, నిజం చెప్తున్నా. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ అయినా ఏపీ ఫైబర్ అయినా మా వైపు ఊళ్ళలో ఇంటికి వైరు లాగేదీ, డబ్బులకొచ్చేదీ ఈ లోకల్ కేబుల్ వాళ్ళే. నాది ఏదో చెప్పను గానీ 450 ప్లాను, ట్యాక్స్‌తో 530. వేసిన మొదటి ఆర్నెల్లు ముంబైకి 30, 32. రాయిలాగా కదలకుండా ఉండేది.

ఆ తర్వాత డిసెంబర్లో మొదలైంది. రెండు వారాలు పింగ్ పిచ్చెక్కినట్టు గెంతేది, మధ్యమధ్యలో కాల్ కట్టయ్యేది. టోల్‌ఫ్రీకి ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్ళీ వేయండి అంటారు, వేశా, కంప్లైంట్ రాసుకున్నాం 48 గంటలు అంటారు, మర్నాడు మీ సమస్య పరిష్కారమైంది అని మెసేజ్ వస్తది. ఎవడూ రాకుండా ఎలా పరిష్కారమైందో ఆ పైవాడికే తెలియాలి. నేను మళ్ళీ కంపెనీనే తిట్టుకుంటూ కూర్చున్నా.

ఒకరోజు రాత్రి తొమ్మిదికి, షిఫ్టు మొదలైన పది నిమిషాలకి నెట్ పూర్తిగా పోయింది. రౌటర్ మీద ఎర్ర లైటు. బయటికెళ్ళి చూస్తే సార్వా కోతల గడ్డి ట్రాక్టర్, ఇంటెత్తు లోడు, రామాలయం మలుపులో వైర్లన్నీ లాక్కుపోయింది. డ్రైవర్ దిగి చూసి, తనకేం సంబంధం లేనట్టు వెళ్ళిపోయాడు. కేబులాయన కుర్రాడికి ఫోన్ చేశా, వస్తాడన్న నమ్మకం లేదు. పావుగంటలో టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చాడండి, ముందు సంచిలో మిషను. స్తంభం పక్కన అరుగు మీద కూర్చుని నన్ను టార్చి పట్టుకోమన్నాడు. పైన నల్ల తొడుగు వొలిచి, లోపల వెంట్రుకంత పోగుని స్పిరిట్ దూదితో తుడిచి, కట్టర్‌తో కొస నరికి, రెండు కొసలూ మిషన్లో పెట్టి మూత వేశాడు. చిన్న స్క్రీన్ మీద రెండు పోగులు ఒకదానికొకటి దగ్గరికొచ్చి చటుక్కున అతుక్కున్నాయి. నేను నోరెళ్ళబెట్టి చూస్తుంటే "అన్నయ్యా, టార్చి ఇటు" అంటాడు.

అతికించాక నాకైతే అయిపోయిందనే అనిపించింది, ఎర్ర లైటు కూడా పోయింది. వాడు ఇంట్లోకొచ్చి రౌటర్ వెనక వైరు పీకి, వెలుగు ఎంత బలంగా వస్తుందో చూపే మీటర్‌కి పెట్టాడు (మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు). మైనస్ 28. "ఇంకా ఎక్కడో తినేత్తందండీ, ఇరవై ఏడు దాటితే లైను తడబడిపోద్ది" అన్నాడు. వైరు పట్టుకుని చేత్తో తడుముకుంటూ కిటికీ దాకా వెళ్ళాడు. అక్కడుంది అసలు విషయం. సంక్రాంతికి సున్నాలు వేయించినప్పుడు వైరు వేలాడుతుందని మా నాన్న దాన్ని బైండింగ్ వైరుతో కిటికీ ఊచకి బిగించి కట్టేశారు, ఎల్ ఆకారంలో మడిచి మరీ. "బాబాయ్ గారూ, ఇది కరెంటు వైరు కాదండీ, గాజండీ లోపల, మడిస్తే వెలుగు బయటికి పోద్దండీ" అని విప్పి, పళ్ళెమంత చుట్ట చుట్టి మేకుకి తగిలించాడు. మైనస్ 20. పింగ్ మళ్ళీ 31. రెండు వారాలు నేను తిట్టిన తిట్లన్నీ మా నాన్నకి తగలాల్సినవి అన్నమాట. ఆయనేమో "నీటుగా ఉంటదని కట్టాను" అని టీవీలోకి తల తిప్పేసుకున్నారు.

అందుకే నేను చెప్పేది, ప్లాన్లు పోల్చుకుంటూ కూర్చునే బదులు వైరు తెగితే ఎవరొస్తారో, ఎంతసేపట్లో వస్తారో మీ వీధిలో కనెక్షన్ ఉన్న నలుగుర్ని అడగండి. ఎక్కడ కుర్రాడు మంచోడో అక్కడ నెట్ మంచిది, నాకు ఇందులో అనుమానమే లేదు.

ఇంకోటి, ల్యాగ్‌లో సగం మన ఇంట్లోనే పుడుతుంది. ఆ సంక్రాంతికి బావ వాళ్ళొచ్చి వైఫై పాస్‌వర్డ్ తీసుకున్నారు, కోడిపందేల వీడియోలన్నీ గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కుతున్నాయి, నా పింగ్ 900. లైను తప్పు కాదు. ఇసక లారీలు ఇరవై వరసకట్టి ఉంటే వాటి వెనక మన బైకు ఆగిపోయినట్టే, రౌటర్ దగ్గర అప్‌లోడ్ పేరుకుపోయి గేమ్ పంపే చిన్న డేటా ముక్క వెనక నిలబడుద్ది. రౌటర్‌లో ఒక్కో ఫోన్‌కి అప్‌లోడ్ లిమిట్ పెట్టే ఆప్షన్ ఉంటే పెట్టండి, లేకపోతే బ్యాకప్ ఆపమని మొహమాటం లేకుండా చెప్పండి (నేను చెప్పలేకపోయా, బావ కదా). గేమ్ ఆడే సిస్టమ్‌కి మాత్రం వైఫై వద్దు, రౌటర్ నించి ల్యాన్ వైరు లాగండి, రెండు మూడొందల్లో అయిపోద్ది. కరెంటు పోతే రౌటర్ ఆగకుండా 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి.

శాటిలైట్ నెట్ అని ఎవరైనా చెప్తే, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే పాత రకం అయితే గేమ్‌లకి మర్చిపోండి, పైకెళ్ళి కిందికొచ్చి, జవాబు మళ్ళీ అదే దారిలో తిరిగొచ్చేసరికే అరసెకను అవుద్ది. స్టార్‌లింక్ లాంటివి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి పింగ్ విషయంలో వాటి లెక్క వేరు, కానీ 600 బడ్జెట్‌లో మనం మాట్లాడుకునే సరుకు కాదు.

కేబుల్ మీ వీధి దాకా వచ్చిందా, టవర్‌కీ మీ డాబాకీ మధ్య చెట్లున్నాయా, ఈ రెండూ చెప్పండి, ఏది వేయించుకోవాలో కచ్చితంగా చెప్తా. వైరే అయితే కోతల ముందే వేయించి, రోడ్డు దాటే చోట ఎత్తుగా కట్టమనండి, గడ్డి ట్రాక్టర్ తగలకుండా.