కొంగల బొమ్మ పలక వంగిపోవడానికి కారణం

ప్లైవుడ్ మీద వెనీర్ (పలుచని చెక్క పొర) ముక్కలు అంటించి అమలాపురంలో మీరు చేసిన కొంగల బొమ్మ పలక విల్లులా వంగిందంటే తప్పు ఫెవికాల్‌ది కాదు. వెనక వెనీర్ వేయలేదు కదా, అదీ సంగతి. జిగురు తడికి ముందువైపు వెనీర్ ఉబ్బుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుపోయి ప్లైవుడ్‌ను తనవైపు లాగేస్తుంది.

1. వెనక కూడా అంతే మందం వెనీర్ అంటించాలి. చాలామంది వదిలేసేది ఇదే. కనిపించేది కాదు కాబట్టి చవకది చాలు. దాని చెక్క గీతలు ప్లైవుడ్ పై పొర గీతలకు అడ్డంగా ఉండాలి.

2. రెండు వైపులా ఒకేసారి అంటించండి. పైనా కిందా ప్లాస్టిక్ కాగితం వేసి, మందపాటి చెక్కల మధ్య రాత్రంతా క్లాంపులతో బిగించండి.

3. తీశాక గోడకు నిలబెట్టండి, రెండు వైపులా గాలి తగలాలి.

వంగిన పలకకు ఇప్పుడైనా వెనక వెనీర్ వేసి బిగించి చూడండి, కొంతైనా సర్దుకోవచ్చు. వానలు తగ్గాకే చేయండి, కోనసీమ తేమలో ఏదీ త్వరగా ఆరదు.