అనుమానం చాలు సిస్టర్, సాక్ష్యం మీరు వెతకక్కర్లేదు

ప్రశ్న: మేడమ్, విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సుని. ఈమధ్య ఒకావిడ పదమూడేళ్ల అమ్మాయిని జ్వరమని తీసుకొచ్చింది. పిన్నినంటుంది గానీ పిల్ల ఇంటిపేరు తెలీదు, ఏది అడిగినా తనే జవాబు చెప్తుంది. ఒడిశా నుంచి చెన్నైకి పనికట. డాక్టరుగారికి చెబితే ‘మనకెందుకు’ అన్నారు, వాళ్లు వెళ్లిపోయారు. మళ్లీ ఇలాంటి కేసు వస్తే ఏం చెయ్యాలి? అనుమానం తప్పైతే?
– ఒక సిస్టర్

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. పిల్లని అక్రమంగా తరలిస్తున్నారన్న మీ అనుమానం నిజమో కాదో పోలీసులు, బాలల సంక్షేమ సమితి తేల్చుకుంటారు. మీరు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే చాలు, ఆవిడ పిల్లతో బయల్దేరిపోతున్నట్టుంటే నేరుగా 112కి.

ఆవిడని మాత్రం నిలదీయకండి. మంచి మనసున్నవాళ్లే ఇక్కడ పని చెడగొడతారు, గట్టిగా అడిగారో, పిల్లని లాక్కుపోయి రాయపూర్ బండో చెన్నై బండో ఎక్కేస్తుంది, మనది జంక్షన్ కదా. బరువు చూడాలి, యూరిన్ శాంపిల్ ఇవ్వాలి అని పిల్లని పక్కకి తీసుకెళ్లండి, ఆవిడ కాదనలేదు. అప్పుడైనా ‘నిన్ను అమ్మేశారా’ అని అడగొద్దు. అన్నం తిన్నావా, ఎక్కడ పడుకుంటున్నావు, అమ్మ నంబరు గుర్తుందా, అంతే. ఒడియా వచ్చిన ఆయా ఉంటే పిలవండి, ఆ పిన్ని చేత తెలుగులో చెప్పించుకోకండి. పిల్ల అన్న మాట అన్నట్టే టైమ్ వేసి కేస్ షీట్‌లో రాయండి.

మీ డాక్టరుగారికి ఇది చూపించండి: పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోతే 2012 పోక్సో చట్టం కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకి అదే చట్టం రక్షణ ఇస్తుంది. ‘ముందు పోలీసు కాగితం తెండి’ అని అత్యవసర వైద్యం ఆపడం కూడా కుదరదు.

పోలీసులు పిల్లని కాపాడాక, ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. ఎవరితో పంపాలో సమితే చెప్తుంది, పిన్ని ఆధార్ చూపించినంత మాత్రాన అప్పగించేయరు. నిజంగా పిన్నే అయితే ఒక పూట ఇబ్బంది పడి మిమ్మల్ని తిట్టుకుంటుంది, తిట్టుకోనివ్వండి.

వెళ్లిపోయిన అమ్మాయి గురించి ఇప్పుడు చెప్పినా ఆలస్యమేం కాదు. రైలెక్కారని అనుమానముంటే స్టేషన్‌లో ఆర్పీఎఫ్‌కీ (రైల్వే రక్షణ దళం) చెప్పండి, పిల్లల అక్రమ రవాణా మీద ఆపరేషన్ ఆహట్ పేరుతో వాళ్లకి ప్రత్యేకంగా పని నడుస్తోంది. పత్రిక మీకు చేరేసరికి సీసీ ఫుటేజ్ పోయి ఉండొచ్చు, ఓపీ రిజిస్టర్‌లో ఆవిడిచ్చిన ఫోన్ నంబరైతే ఉంటుందిగా.