ఆ 200 మొక్కలు ఇప్పుడే నాటకండి

మీ కాలనీ వెనక కొండవాలున మూడెకరాల జాగా పొదలతో నిండిపోయిందనీ, పాతికమంది ముందుకొచ్చారనీ, నర్సరీ నుంచి 200 మొక్కలు వస్తున్నాయనీ రాశారు. వచ్చే ఆదివారం పొదలు కొట్టేసి నాటేద్దామనుకుంటున్నారు, ఏ రకాలైతే బతుకుతాయని అడిగారు.

నేనూ విశాఖలోనే, అరిలోవ వైపు ఉంటాను. మా వాలు మీదానికన్నా చిన్నది. ఏడేళ్ళుగా నా ఆదివారాలు అక్కడే గడుస్తున్నాయి కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను: మొదటి ఏడాది ఒక్క మొక్క కూడా నాటకండి. మీ జాగాలో అడవి ఇప్పటికే ఉండుంటుంది. లాంటానా కింద ఊపిరాడక పడుంటుంది, అంతే.

లాంటానా అంటే మన తలంబ్రాల మొక్క. పసుపు, గులాబీ రంగులు కలిసిన గుత్తులు పూస్తుంది, ఆకు నలిపితే ఘాటు వాసన. మేమూ మొదట్లో దాన్ని కత్తితో నరికేస్తే పోతుందనుకున్నాం. రెండు వానలు పడేసరికి ఒక్కో మోడుకీ పది కొమ్మలు లేచాయి. ఆ తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య సి.ఆర్. బాబు గారి బృందం చెప్పిన పద్ధతి పట్టుకున్నాం. మొదలు దగ్గర మన్ను తప్పించి, కాండం అయిపోయి వేరు మొదలయ్యే చోటుకి రెండు మూడు వేలి వెడల్పుల కింద తల్లివేరుని కోసేసి, పొదని ఎత్తి తలకిందులుగా పెట్టాలి. మొదలు తడి నేలకి తగిలి ఉంటే మళ్ళీ వేళ్ళూనుతుంది, అందుకే తలకిందులు. తొలకరి పడి నేల మెత్తబడ్డాక గునపంతో ఇద్దరు చేస్తే పెద్ద పొద కూడా పది నిమిషాల పని. వేసవిలో మొదలెడితే చేతులు బొబ్బలెక్కడం తప్ప ఏమీ మిగలదు. పిట్టలు దాని పళ్ళు తిని కూర్చునే చెట్ల కింద మళ్ళీ పిలకలు వస్తూనే ఉంటాయి. వాటిని మాత్రం చేత్తో పీకెయ్యొచ్చు, కానీ మూడు నాలుగేళ్ళు పీకుతూనే ఉండాలి.

ఇక్కడ మేం చేసిన తప్పు చెప్పాలి. రెండో ఏడు ఉత్సాహం ఎక్కువై సెప్టెంబరులో వాలంతా ఒకేసారి ఖాళీ చేసేశాం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. అక్టోబరులో వాయుగుండం పట్టింది. మన కొండల ఎర్రమన్ను సంగతి తెలిసిందే కదా, పట్టి ఉంచే వేరు లేకపోతే పాకంలా జారుతుంది. రాత్రికి రాత్రి కింద వీధి కాలువ పూడిపోయి, రెండిళ్ళ గేట్లలోకి బురద వచ్చేసింది. తెల్లారి ఆ వీధి పెద్దాయన నన్ను పిలిచి, “కొండని పచ్చగా చేస్తానన్నావు గానీ, మా వాకిట్లోకి దింపుతానని చెప్పలేదు నాయనా” అన్నారు. నాలుగు రోజులు తట్టలతో ఆ మన్ను మేమే ఎత్తాం.

అప్పట్నుంచీ పట్టీలుగా తీస్తున్నాం. వాలుకి అడ్డంగా ఆరడుగులు తీసి, ఆరడుగులు వదిలేస్తాం. వదిలినది పై ఏడు. కోసి ఎండిన సన్న కొమ్మల్ని వాలుకి అడ్డంగా గట్టులా పేరిస్తే మన్నూ ఆకులూ అక్కడే ఆగుతాయి. ముంగిసలకీ పిట్టలకీ ఒక్కసారిగా గూడు పోదు. లావు మోడులు ఎండాక భోగికి కుర్రాళ్ళు మోసుకుపోతారు. ఇదివరకు భోగి ముందు రోజు రాత్రి వేప కొమ్మలకి కాపలా కాసేవాళ్ళం, ఇప్పుడా బాధ లేదు.

ఇలా తీసిన పట్టీల్లో ఏం లేచిందో చెప్తే నమ్మరు. మొదటి వానాకాలంలోనే మా కుర్రాడొకడు పిచ్చిమొక్క అనుకుని ఒకదాన్ని పీకబోతుంటే, కట్టెలకి వచ్చిన ముసలావిడ గట్టిగా అరిచింది: “ఓలమ్మో, పీకేత్తన్నారేటి బాబూ? అది ఊడుగ. ఒగ్గేండి.” కట్టెల కోసం కొట్టగా కొట్టగా పైన ఏమీ మిగలకపోయినా, కింద వేరు బతికే ఉండి మళ్ళీ చిగురేసిందన్నమాట. ఆవిడే మాకు బలుసు, పాల, రేల, కలే పొద ఒక్కొక్కటీ చూపించింది. ఇప్పుడు ఆ ఊడుగ నా తల దాటింది. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి తెల్లగా పూస్తే దారంతా వాసన. మాకు కంబాలకొండ దగ్గర. 2002లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది, సుమారు 70 చదరపు కిలోమీటర్లు. అటు నుంచి వచ్చే పిట్టలు నేరేడు, వేప గింజలు ఉచితంగా వేసి పోతాయి. కాబట్టి మీరు చేయాల్సింది ఒక్కటే: ఏది లేచిందో పేరు తెలిసేదాకా కొడవలి పెట్టకండి. పేర్లు తెలిసినవాళ్ళు మీ కొండవాలు ఇళ్ళలోనే ఉంటారు, వాళ్ళని పిలవండి.

మనుషుల సంగతి. ‘వాలంటీర్లు కావాలి’ అని మేం కాగితం అంటిస్తే, ఇద్దరు పెద్దవాళ్ళు పింఛను గురించి అడగడానికి వచ్చారు. పింఛన్లు ఇంటికి తెచ్చిచ్చే వార్డు వాలంటీర్లున్న రోజులు మరి. మొదటి ఆదివారం నలభై మంది, నాలుగో ఆదివారం ఆరుగురు. మీ పాతికమందీ అలాగే తగ్గుతారు, బాధపడకండి. మా పనంతా ఆ ఆరుగురే చేశారు. వేళ మాత్రం మార్చకండి: ఆరింటికి మొదలు, ఎనిమిదింటికి ఆపడం, తర్వాత ఇడ్లీ, టీ. కొత్తవాళ్ళు ఎక్కువగా కార్తీకమాసంలో వస్తారు. వనభోజనాలు అక్కడే పెట్టండి, విస్తరాకులు తప్ప ప్లాస్టిక్ పళ్ళేలు వద్దని ముందే చెప్పండి. తిన్నాక గంట కలుపు పీకించినా ఎవరూ కాదనరు.

చేతికి గట్టి తొడుగులు, కాలికి బూట్లు లేనివాళ్ళని పొదల్లోకి రానివ్వకండి. ముందు కర్రతో కదిపి, తర్వాతే చెయ్యి పెట్టాలి. మాకు రక్తపింజరి రెండుసార్లు కనబడింది. పాము కరిస్తే కట్లు కట్టడం, గాటు పెట్టడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, నేరుగా కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

అన్నిటికన్నా ముందు ఆ జాగా ఎవరిదో తేల్చుకోండి. నగరపాలక సంస్థ జీవీఎంసీ ఖాళీ స్థలమా, రెవెన్యూ కొండపోరంబోకా, నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏదా, సింహాచలం దేవస్థానానిదా అన్నది వార్డు సచివాలయంలో సర్వే నంబరు పెట్టి అడగండి. రిజర్వు ఫారెస్టు అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా ఎండుపుల్ల కూడా ముట్టుకోకూడదు. ఎవరిదైనా సరే, నోటిమాట చాలదు, కాగితం తీసుకోండి. రేపు ఎవరైనా చెట్లు కొట్టారని మీ మీదే ఫిర్యాదు చేస్తే ఆ కాగితమే దిక్కు.

జనవరి నెలాఖరుకల్లా జాగా చుట్టూ పదడుగుల వెడల్పున ఎండుగడ్డి కోసి, ఆకులు ఊడ్చెయ్యండి. ఫిబ్రవరి నుంచి మే దాకా చెత్త తగలబెట్టినా, బీడీ ముక్క విసిరినా వాలంతా పోతుంది.

ఇక మీ 200 మొక్కలు. అందులో తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు ఉంటే వెనక్కి ఇచ్చేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన మర్నాడు మా రోడ్డుకి అడ్డంగా పడున్నవన్నీ అవే. తాటిచెట్లు నిలబడ్డాయి, వేపలు కొమ్మలు పోగొట్టుకుని మళ్ళీ చిగిర్చాయి. ఏడాకులపాల మన దేశపు చెట్టే, హుద్‌హుద్ తర్వాత ఊరంతా నాటారు కూడా. కానీ అక్టోబరు, నవంబరు రాత్రుళ్ళు దాని పూత వాసనకి మా వీధిలో ఉబ్బసమున్నవాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు, ఇళ్ళ దగ్గర వద్దు. మియావాకీ అనే చిట్టడవి పద్ధతి పెడదామని ఎవరో ఒకరు అంటారు. చదరపు మీటరుకి మూడు నాలుగు మొక్కల చొప్పున కుక్కి, రెండు మూడేళ్ళు నీళ్ళు పోయాలి. కొండ మీదికి ఆ నీళ్ళు ఎవరు మోస్తారో ముందు అడగండి.

మిగిలినవాటిలో నేరేడు, కానుగ, పొగడ, ఉసిరి ఓ పాతిక తీసి, కింద అంచున, మీ చేతికి బిందె అందేంత దూరంలో పెట్టుకోండి. అవీ పై ఏడు తొలకరికే. అప్పటిదాకా పెద్ద సంచుల్లోకి మార్చి నీడలో ఉంచండి. చిన్న సంచిలోనే వదిలేస్తే వేళ్ళు లోపల చుట్ట చుట్టుకుపోతాయి, అలాంటి మొక్క పెరిగి పెద్దదైనా గాలికి పడిపోతుంది. నాటేటప్పుడు సంచి పూర్తిగా చింపేసి, అడుగున చుట్టుకున్న వేళ్ళు కత్తిరించండి. మిగతా మొక్కలు కాలనీలో ఇంటికొకటి ఇచ్చేయండి. గేటు ముందు మొక్కకైతే ఆ ఇంటివాళ్ళే నీళ్ళు పోసుకుంటారు.