ఒడిశాలోని పర్లాకిమిడిలో వీధి బాగుకు ఇంటివాళ్లే చందా వేసుకోవాలా?

అక్కర్లేదు. మీ వీధి ప్రజలందరూ నడిచే దారి అయితే ఖర్చు పురపాలక సంఘానిదే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో రోడ్లు, వీధి దీపాలు పట్టణ సంస్థల పనుల జాబితాలోనే ఉన్నాయి. పట్టణం గుండా పోయే రాష్ట్ర రహదారి మాత్రం ప్రభుత్వ శాఖది.

డబ్బు ఎక్కడిదంటారా? మనం కట్టే హోల్డింగ్ పన్ను, అంటే ఇంటి పన్ను, కొంత. చిన్న పట్టణానికి అది చాలదు, అందుకే ఆర్థిక సంఘం నిధులు, రాష్ట్ర గ్రాంట్లు. ఇంటింటికీ సమానంగా చందా అడగడం నాకు అన్యాయంగా తోస్తుంది: రేకుల ఇంటివారూ మేడవారూ ఒకటే కట్టాలా? విలువను బట్టి వేసే పన్నే నయం. మీ గుమ్మం ముందు ర్యాంపు ఖర్చు మాత్రం మీదే. అర్జీ ఒడియాలో రాయించి, వార్డు కౌన్సిలరుకు ఒక ప్రతి ఇవ్వండి.