అమెరికా సైనిక కుర్రాళ్లకు ఎంజీ కార్లంటే అంత మోజు ఎందుకు?

యుద్ధం తర్వాతి అమెరికన్ యువ సైనికుల కథల్లో చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎందుకు కనిపిస్తుందని అడిగారు. దీనికి మూలం రెండో ప్రపంచ యుద్ధంలోనే ఉంది. ఇంగ్లండ్‌లోని స్థావరాల్లో పనిచేసిన కుర్రాళ్లు అక్కడి ఇరుకు రోడ్ల మీద ఎంజీ అనే బ్రిటిష్ కంపెనీ స్పోర్ట్స్ కార్లను చూసి మనసు పారేసుకున్నారు. ఇంటి దగ్గర వాళ్లకు తెలిసినవి భారీ సెడాన్లే.

1945లో ఎంజీ టీసీ వచ్చింది. 1250 సీసీ ఇంజిన్, 54 హార్స్‌పవర్, సన్నటి వైర్ చక్రాలు. స్టీరింగ్ కుడివైపే ఉండేది, అంటే వాహనాలు కుడివైపు నడిచే అమెరికా రోడ్లకు అనువుగా లేని కారన్నమాట. అయినా కొన్నారు! వేగం కంటే, నేలకు దగ్గరగా కూర్చుని ప్రతి మలుపునూ చేతుల్లో తెలుసుకోవడమే దాని అసలు ఆకర్షణ అని నా నమ్మకం. అప్పుల్లో ఉన్న బ్రిటన్‌కు డాలర్లు కావాలి, కాబట్టి ఎగుమతులకు ప్రభుత్వం కూడా గట్టిగా తోడ్పడింది. ఆ తర్వాతి టీడీ మోడల్‌ ఎడమ స్టీరింగ్‌తోనూ వచ్చింది. దాంతో అమ్మకాలు బాగా పెరిగాయి.

సినిమా వాళ్లలో హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్‌క్వీన్ మంచి ఉదాహరణ. ఆయన 1947 నుంచి 1950 వరకు అమెరికా మెరైన్ దళంలో సైనికుడు. ఆయన తొలి స్పోర్ట్స్ కారు ఎంజీ టీసీయే.